నెమలికంఠం సిరా

జనగామ

బాపు పాదాలకు మొక్కి చంద్రమౌళి రాసే సంగతులు.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. అక్కడ మీరంతా బాగున్నారని తలుస్తాను. అవ్వ మోకాళ్లు ఎలా ఉన్నాయి? మొగుళ్లపల్లి దవాఖానకు పోయిందా, లేకుంటే ఆముదం రాసుకొని గడపలోనే కూర్చుంటున్నదా? నీ కళ్ల సంగతి సుగుణ రాయలేదు. దారం పోగు కనబడుతున్నదా, వేలితో తడిమి చూసుకుంటున్నావా? నా గురించి రంది పెట్టుకోవద్దు. మధ్యలో జ్వరం వచ్చింది, తగ్గిపోయింది. తిండి తింటున్నాను.

చెల్లె సుగుణా, ఈ ఉత్తరం బాపుకు ఉన్నది ఉన్నట్టే చదువు. ఎక్కడా మెత్తగా చేయకు.

మీ ఉత్తరం ఆలస్యంగా అందింది. ఈ బంద్‌లతో రైలు ఏ రోజు నడుస్తుందో ఏ రోజు ఆగుతుందో తెలియడం లేదు. టపా సంచులు స్టేషన్‌లోనే పడి ఉంటున్నాయి. చెల్పూరు కలప వ్యాపారి మళ్లీ వచ్చి మగ్గం అడిగాడని, బడులు తెరిచేదాకా ఆగమని నేను రాసిన మాట పట్టుకొని నువ్వు అతన్ని తిప్పి పంపావని రాయించావు. ఇంకోసారి వస్తే ఏం చెప్పాలని అడిగావు. ఆ జవాబు చెప్పడానికే కూర్చున్నాను. ఒక్క మాటలో రాయవచ్చు. కానీ ఆగమన్నవాడిని నేనే కాబట్టి, ఎందుకు ఆగమన్నానో, ఆ తర్వాత ఏం జరిగిందో నీకు తెలియాలి.

నేను పని చేసే ఈరయ్య సేటు దుకాణం స్టేషన్ రోడ్డు మీద ఉంది. పలకలు, బలపాలు, నోటుబుక్కులు, పెన్నులు, సిరా అమ్ముతాం. నా పని సిరా కలపడం, పిల్లల పెన్నులు నింపడం, విరిగిన పాళీలు మార్చడం. నీళ్లు కాచి, చల్లార్చి, బట్టలో వడకట్టి, సిరా పొడి వేసి కలిపి, మర్నాడు పైతేట తీసి బుడ్లలో పోస్తాం. రంగు బాన దగ్గర నీతో కూర్చున్నవాణ్ణి కాబట్టి సేటు నన్ను ఈ పనిలో పెట్టాడు. చేతులు ఎప్పుడూ నీలంగానే ఉంటాయి. హోటల్లో అన్నం తినేటప్పుడు పక్కవాళ్లు చూస్తారు. ఊళ్లో ఎవరూ చూసేవాళ్లు కారు. అక్కడ అందరి చేతులూ అంతే కదా.

చలికాలంలో తెలంగాణ గొడవ మొదలైనప్పుడు ముందు కాలేజీ మూతపడింది, తర్వాత బడులు మూతపడ్డాయి. పిల్లలు బడికి పోకపోతే సిరా ఎవరికి కావాలి? నింపి పెట్టిన బుడ్ల మీద దుమ్ము పేరుకుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ దుమ్ము తుడుస్తూ కూర్చునేవాణ్ణి. అట్లా ఊరికే కూర్చున్న రోజుల్లో నాకు రంగుల ఆలోచన వచ్చింది. సేటుతో అంటే కొట్టిపారేశాడు.

"పచ్చ సిరాతోని ఆఫీసర్లు సంతకం పెడుతరు. ఎర్ర సిరాతోని సార్లు తప్పులు దిద్దుతరు. మామూలు మనిషికి నీలం, నలుపు. ఇంకో రంగు ఎవనికి గావాలెరా?"

"చీరెలు గూడ నీలం, నలుపు రెండే ఉంటే ఎవలన్న కొంటరా సేటూ?"

"నీ మగ్గం బుద్ధి నిన్ను ఇడువదురా" అని నవ్వాడు. వద్దని మాత్రం అనలేదు.

రంగు పొడి పంపమని నీకు ఉత్తరం రాసింది అప్పుడే. డబ్బాల అడుగున మిగిలిన రంగు పొడులు నువ్వు గుడ్డల్లో మూటలు కట్టి, పక్కింటి కనకయ్య చేతికిచ్చి పంపావు. ఊదా, నేరేడు, కుంకుమ, నెమలికంఠం. మూటలు విప్పగానే ఇంటి వాసన వచ్చింది. సేటు ఇంటి మిద్దె మీద గాజు గ్లాసుల్లో ఒక్కొక్కటే కలిపాను. నోటుబుక్కు కాగితం మీద ఒకసారి, పాత పేపరు మీద ఒకసారి, సామాను చుట్టే మట్టిరంగు కాగితం మీద ఒకసారి రాసి, ఎండలో పెట్టి, గాలికి ఎగరకుండా అంచుల మీద రాళ్లు పెట్టేవాణ్ణి. పాత పేపరు మీద కుంకుమ రంగు పాకిపోయి అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. నేరేడు రంగు రాసేటప్పుడు బాగుంది, ఆరితే మన్ను రంగు అయింది. నెమలికంఠం ఒక్కటే ఎట్లా ఉండాలో అట్లా ఉంది. కాగితాన్ని ఇటు తిప్పితే నీలం, అటు తిప్పితే పచ్చ. కానీ ఏ రంగూ నిలవలేదు. ఒక్క నీటిచుక్క పడితే అక్షరం కొట్టుకుపోయేది.

దానికి ఏం చేయాలని అడిగితే నువ్వు చెప్పిన జవాబు సుగుణ నీ మాటల్లోనే రాసింది. "పటిక ఎయ్యాలె, జర ఉప్పు ఎయ్యాలె, తుమ్మబంక నానబెట్టి కలుపాలె. దారం సంగతి నాకు ఎరుకే. పెన్ను సంగతి నాకు తెల్వది, సూసుకొని ఎయ్యుమను."

బాపూ, ఈ మాట ఎందుకు మళ్లీ రాస్తున్నానంటే, చివర ఏం జరిగినా అందులో నీ తప్పు లేదు. సూసుకొని వెయ్యమని నువ్వు చెప్పావు. నేను చూసుకోలేదు.

పటిక వేశాను, ఉప్పు వేశాను, బంక కలిపాను. మర్నాడు రాసి, ఆరనిచ్చి, ఆ కాగితాన్ని నీళ్ల బకెట్లో ముంచి తీశాను. అక్షరం కదలలేదు. కాగితం చిరిగింది కానీ రంగు పోలేదు. సేటుకు తీసుకుపోయి చూపిస్తే వాకిట్లో ఎండకు పట్టుకొని చాలాసేపు చూశాడు.

"ఓర్నీ, గిది సిరానా, గద్వాల చీరెనా?"

ఆ రోజు మేమిద్దరం చాయ్ తాగాం. ఆయన తాగించాడు. అది మామూలుగా జరిగే పని కాదు.

దుకాణంలో బల్ల మీద ఒక కాగితం ఉంటుంది. పెన్ను కొనేవాళ్లు దాని మీద రాసి చూసుకుంటారు. ఇంతకుముందు అందరూ శ్రీరామ అని రాసేవాళ్లు, లేకుంటే పేరు రాసుకునేవాళ్లు. ఈ ఏడు ఎవరొచ్చినా జై తెలంగాణ అనే రాస్తున్నారు. రంగులు పెట్టినప్పటి నుంచి ఒక్కొక్కరు నాలుగు రంగులతోనూ రాసి చూసేవాళ్లు. కాగితం నిండిపోయింది. ఒకనాడు ఇద్దరు జవాన్లు వచ్చారు. అటు కోస్తా నుంచి బందోబస్తుకు దింపినవాళ్లు. అందులో పెద్దాయన ఆ కాగితం లాగి చూశాడు.

"ఏంటయ్యా ఇది? కరపత్రాలు ఇక్కడే తయారు చేస్తున్నారా?"

"కరపత్రం గాదు సార్, పెన్ను సూసుకునే కాయితం" అన్నాడు సేటు.

"పెన్ను చూసుకోవడానికి ఇంకేం మాటలు దొరకలేదా మీకు?"

"ఏంది సార్, రాసేటోళ్ల చెయ్యి పట్టుకుంటమా?"

"ఏంది, ఏంది! మనుషుల్లా మాట్లాడటం ఎప్పుడు నేర్చుకుంటారయ్యా?" అని రెండో అతను నవ్వాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పోతూ పోతూ నెమలికంఠం బుడ్డి ఒకటి తీసుకుపోయాడు. వాళ్ల బిడ్డకు పనికొస్తుందట. సేటు అప్పటి నుంచి బల్ల మీద కాగితం పెట్టడం మానేశాడు. రాసి చూడాలంటే మీ చేతి మీద రాసుకోండి అనేవాడు. జనం చేతుల మీద కూడా అదే రాసుకున్నారు.

అయినా సిరా అమ్ముడుపోయింది. మానుకోట నుంచి వచ్చి ఇక్కడ గదిలో ఉండే కాలేజీ పిల్లగాడు ఒకడు రోజూ వచ్చేవాడు. గోడలకు అంటించే కాగితాలు వాడే రాసేవాడు. "అన్నా, నల్ల సిరాతోని రాస్తే ఎవడు సదువుతలేడే. గీ నెమలిరంగుతోని రాస్తే బండ్లు ఆపి సూస్తుండ్రు" అని చెప్పేవాడు. దేవరుప్పుల బడిలో పని చేసే సదానందం సారు కుంకుమ రంగు తీసుకుపోయాడు. ఎర్ర సిరా చూస్తే పిల్లలు భయపడతారు, ఇదైతే బొట్టు పెట్టినట్టు ఉంటుందన్నాడు.

అప్పుడు సేటు నన్ను పిలిచి ఒక మాట చెప్పాడు. "బడులు తెరువనియ్. మీ బాపు ఊర్లె కూసోనే రంగు కలిపి పంపాలె. దానికి బదులు మనం ఆయనకు నూలు పంపుదం. మగ్గం నడుస్తది, దుకాణం నడుస్తది."

మగ్గం ఆపి ఎన్నాళ్లయిందో నాకు తెలుసు. నూలు ఉంటే నువ్వు రేపే మగ్గం గుంటలో దిగుతావని కూడా తెలుసు. అందుకే ఆగమని రాశాను. ఆ ఉత్తరం నెమలికంఠంతోనే రాశాను, సుగుణకు గుర్తుండే ఉంటుంది.

అది టపాలో వేసి వారం కూడా కాలేదు, పెన్నులు తిరిగి రావడం మొదలైంది. ముందు సదానందం సారు వచ్చాడు.

"చంద్రమౌళీ, నా పెన్ను అలిగింది. గింత బతిమిలాడినా ఒక్క మాట మాట్లాడుతలేదు."

అది ఆయనకు పెండ్లిలో మామ పెట్టిన పెన్ను. విప్పి చూశాను. పాళీ కింద సిరా పారే సన్నని గాడి ఉంటుంది. అందులో పటిక ఉప్పుతో కలిసి రవ్వలు కట్టింది, బంక దాన్ని పట్టుకొని కూర్చుంది. వేడి నీళ్లలో నానబెట్టి, ముల్లుతో గీకి, ఊది, కడిగాను. గాడి తెరుచుకుంది కానీ పాళీ ఉప్పుకు తుప్పు పట్టి, మొన విరిగి చేతికి వచ్చింది. సారు విరిగిన మొన కాగితంలో పొట్లం కట్టుకొని పోయాడు. ఏదన్నా అంటే బాగుండేది.

తర్వాత ఒకరి వెనుక ఒకరు. మానుకోట పిల్లగాడు నవ్వుకుంటూనే వచ్చాడు. "అన్నా, నీ నెమలికి గొంతు పట్టుకపాయెనే. జర మందు పొయ్యి" అని పెన్ను బల్ల మీద పెట్టి, మళ్లీ వస్తానని పోయాడు. సాయంత్రానికి బల్ల మీద పెన్నులు కట్టెలమోపు లెక్క అయ్యాయి.

"ఏమేసినవ్‌రా అండ్ల?" అని సేటు అడిగాడు.

"పటిక, ఉప్పు, బంక."

"ఎవలు చెప్పిండ్రు?"

"నేనే ఏసిన."

"గివి పెన్నులురా, బానలు గాదు" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. లేచి, మిగిలిన బుడ్లన్నీ ఒక్కొక్కటే మూత తీసి దుకాణం ముందరి మోరీలో పోశాడు. నన్ను పొయ్యమనలేదు, ఆయనే పోశాడు. ఊదా, కుంకుమ, నెమలికంఠం కలిసి స్టేషన్ దాకా పారాయి. చుట్టూ జనం చేరారు. "హోలీ ఎల్లిపాయె గదా సేటూ" అని ఎవరో అన్నారు. నేను లోపల కూర్చొని పెన్నులు కడిగాను.

నాకు అప్పుడు అర్థమైంది. రంగు దారంలో దిగి కూర్చుంటే నీ పని గెలిచినట్టు. పెన్నులో రంగు కూర్చోవద్దు, పారాలి. నేను దారానికి పెట్టిన మందు పెన్నుకు పెట్టాను. పుట్టినప్పటి నుంచి రంగు నిలిస్తే చాలని చూసిన కళ్లు నావి. నిలవడమే తప్పయ్యే చోటు ఒకటుంటుందని నాకు తోచలేదు.

ఆ తర్వాత కూడా ఊరుకోలేదు బాపూ. సేటు చూడనప్పుడు మళ్లీ కలిపాను. పటిక మానేసి బంక ఒక్కటే వేశాను. బంక తగ్గించాను. రంగు ఒక్కటే వేసి, బూజు పట్టకుండా లవంగం కాచిన నీళ్లు కలిపాను. పెన్నులో పారింది. కాగితం మీద ఎండకు ఊదారంగు బూడిద అయింది, నెమలికంఠంలో పచ్చ పోయి పాలిపోయిన నీలం మిగిలింది. పారే రంగు నిలవలేదు, నిలిచే రంగు పారలేదు. ఈ రెండింటి మధ్య ఏదో కొలత ఉండే ఉంటుంది. సిరా చేసే పెద్ద కంపెనీల వాళ్లకు తెలుసు కావచ్చు. నాకు దొరకలేదు. ఇంకా వెతకడానికి పొడి కూడా లేదు. నువ్వు ఉన్నదంతా ఊడ్చి పంపావు.

దొరికినా ఏం చేసేవాణ్ణో తెలియదు. బడులు నాలుగు రోజులు తెరిచి మళ్లీ మూశారు. పరీక్షలు ఎప్పుడో ఎవరికీ తెలియదు. మొన్న రైల్వే గార్డు ఒకాయన నోటుబుక్కు కొనడానికి వచ్చి, జేబులో నుంచి కొత్త రకం పెన్ను తీసి రాసి చూపించాడు. దాని కొనకు చిన్న గుండు ఉంటుంది. సిరా పొయ్యడం లేదు, కడగడం లేదు, కారడం లేదు. అయిపోతే పారేయడమే. బడుల్లో దాన్ని ఇంకా ఒప్పుకోవడం లేదని సేటు అన్నాడు కానీ, గార్డు పోయినాక ఖాళీ బుడ్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు. నాకు నువ్వు గుర్తొచ్చావు. మొదటిసారి మిల్లు బట్ట మనింటికి వచ్చినప్పుడు దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి చూసి, "నేత మంచిగున్నది" అన్నావు.

మానుకోట పిల్లగాడు మళ్లీ రాలేదు. స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చున్నవాళ్లను వ్యానులో ఎక్కించుకుపోయారు, అందులో వాడు కూడా ఉన్నాడంటున్నారు. ఎక్కడ ఉంచారో తెలియదు. వాడి పెన్ను కడిగి, కొత్త పాళీ వేసి పెట్టాను. బల్ల సొరుగులో ఉంది. రాష్ట్రం వస్తే మనవాళ్లకే నౌకరీలు వస్తాయని హోటల్లో రోజూ అంటుంటారు. నన్నూ జై కొట్టమంటే కొడతాను. ఆ వచ్చే నౌకరీల్లో చేతులకు రంగు అంటినవాడికి ఏది ఉంటుందో మాత్రం వాళ్లు చెప్పడం లేదు, నేనూ అడగలేదు.

సేటు మంచివాడే. "నిన్ను ఎల్లగొడ్తలేనురా, కని ఊకె కూసోవెట్టి నేనేం జేయాలె" అన్నాడు. ఈ నెల దాకా ఉండమన్నాడు. ధాన్యం అడ్తిలో బస్తాలు మోసే పని అడిగి పెట్టాను. ఇస్తామన్నారు. దానికి మీరు బాధపడవద్దు. ఒంట్లో సత్తువ ఉంది. తిండికి ఇబ్బంది లేదు. ఇక్కడ ఎండలు గట్టిగానే ఉన్నాయి, రేకుల గది కాబట్టి పగలు లోపల ఉండలేం. నేను పగలు ఎట్లాగూ ఉండను. ఆదివారం ఒక్కటే కష్టం. ఎవరితోనైనా మాట్లాడదామంటే, నా మాట వినాల్సిన అవసరం ఎవరికీ లేదు. కనకయ్య ఇటు వస్తే కొంచెం మామిడి తొక్కు పంపు. నా పాత దుప్పటి కూడా. రంగు పొడి కోసం ఎవరినీ అడగవద్దు.

ఇప్పుడు జవాబు. చెల్పూరు ఆయన వస్తే మగ్గం ఇచ్చెయ్యి. ఇంకా ఆగమని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కట్టె మంచిది, నానిన చోట కూడా పుచ్చలేదు, ఆ మాట అతనికి చెప్పు. పోగు వేసే నాడె వాళ్లకు పనికి రాదు, ఉంచుకో. మగ్గం తీసిన రోజే గుంట పూడ్పించు. నేను వచ్చేదాకా చూడకు. అవ్వకు చూపు సరిగా ఆనదు, అలవాటున అటే నడిచి కాలు జారుతుంది. మన్ను కోసం ఎక్కడికో పోవద్దు, దొడ్డి గోడ పడిపోయిన చోట కావలసినంత ఉంది. బానలు దొడ్లో బోర్లించి పెట్టు, నీళ్లు నిలిస్తే దోమలు చేరతాయి.

నీ మీద నాకు ఏ కోపమూ లేదు. నా మీద నీకు ఉంటే రాయించు.

అవ్వకు నా మొక్కులు. పెద్దబాపుకు, కనకయ్యకు, మన వాడకట్టులో పెద్దలందరికీ దండాలు చెప్పండి. మీ దీవెన ఉంటే నేను ఎక్కడైనా బతుకుతాను.

మీ కొడుకు
చంద్రమౌళి

సుగుణా, కింద నాలుగు గీతలు గీశాను. చివరిసారి కలిపినవి. అవి చదివేవి కావు. వాకిట్లో వెలుగుకు పట్టి బాపుకు చూపించు. నెమలికంఠం చివర ఉంది. చూసి ఏమన్నా అంటే, అన్నది అన్నట్టు రాయి. ఏమీ అనకపోతే, అది కూడా రాయి.